గాలిపటం గిరగిరా తిరిగి కిందపడుతోంది: లోపం తోకదా, సూత్రానిదా, పుల్లదా?

కాగితంరెక్క
మా పిల్లలూ వాళ్ల స్నేహితులూ కలిసి ఈసారి గాలిపటాలు తామే తయారు చేస్తామని పట్టుబట్టారు. వెదురు పుల్లలు, పల్చటి రంగు కాగితం, మైదా జిగురు అన్నీ సమకూర్చాం. నిలువు పుల్ల 60 సెంటీమీటర్లు, అడ్డ పుల్ల కూడా 60. అన్నీ ఒకే కొలతతో చేసినవే. అయినా కొన్ని చక్కగా నిలబడుతున్నాయి, కొన్ని లేచిన వెంటనే గిరగిరా తిరిగి ముక్కు నేలకు కొట్టుకుంటున్నాయి. ఎవరిని అడిగినా "తోక తగిలించండి" అనే అంటున్నారు. తగిలించాం. ఇప్పుడు తోకతో సహా తిరుగుతోంది.

ఇంకో సంగతి. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో రకం చేస్తామంటున్నారు. పెట్టెలా ఉండేవి, రెక్కలు చాచినట్టుండేవి, అసలు పుల్లలే లేనివి కూడా ఉన్నాయట. వీటిలో ఇంట్లో చేయగలిగినవి ఏవి? దేనికి ఎంత గాలి కావాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

దారపుచుట్ట
తోక ఎంత పొడవు పెట్టారు?

కాగితంరెక్క
మూరెడు.

దారపుచుట్ట
అదీ సంగతి. వంపు లేని బల్లపరుపు పటానికి నిలువు పుల్లకు ఐదారు రెట్లు తోక ఉండాలి. మీ కొలతకు మూడు మీటర్ల పైమాటే. కాస్త బరువైన గుడ్డ పీలిక కట్టండి, కిందికి లాగి పట్టుకుంటుంది.

లెక్కలమాస్టారు
పొడవు విషయంలో మీ మాటే నా మాట. బరువైన గుడ్డ అన్నారే, అది మాత్రం ఒప్పుకోను. తోక పనిచేసేది బరువుతో కాదు, గాలికి అడ్డుపడడంతో. పటం పక్కకు తిరగబోతే గాలి ఆ తోకను పట్టుకుని వెనక్కి ఈడుస్తుంది, దాంతో పటం ముక్కు మళ్లీ గాలికి ఎదురొస్తుంది. బరువు పెంచితే దాన్ని మోయడానికి అదనపు గాలి కావాలి, అంతే. కుచ్చులుగా కత్తిరించిన పల్చటి కాగితం తోక తక్కువ బరువుతోనే ఎక్కువ పట్టు ఇస్తుంది.

అయినా ముందు చూడాల్సింది తోక కాదండీ. ఒకే కొలతతో చేసినవాటిలో కొన్ని ఎగిరి కొన్ని తిరుగుతున్నాయంటే కొలత మంచిదే, ఎడమా కుడీ సమానంగా లేవని అర్థం. పటాన్ని అడ్డంగా పరిచి, నిలువు పుల్ల రెండు కొసలనూ రెండు చేతుల వేళ్ల మీద ఆనించండి. ఎటు వాలితే అటు బరువు. తేలికగా ఉన్న వైపు అంచుకు చిన్న కాగితం ముక్కలు అంటిస్తూ సరిచేయండి.

వెదురుబద్ద
బరువు ఒక్కటే చూస్తే చాలదు మాస్టారూ. బరువు రెండు వైపులా సమానంగా ఉన్నా, అడ్డ పుల్ల ఒక వైపు మెత్తగా ఉంటే పటం తిరుగుతూనే ఉంటుంది. గాలి తగలగానే మెత్తటి వైపు ఎక్కువగా వెనక్కి వంగుతుంది, ఆ రెక్క గాలిని తక్కువ పట్టుకుంటుంది, పటం అటే ఒరుగుతుంది. వేళ్ల మీద ఆనించి చూస్తే ఈ లోపం కనబడదు. పైకి వెళ్లాకే బయటపడుతుంది.

కాగితంరెక్క గారూ, మీ పుల్లలు గుండ్రంగా ఉన్నాయా, చీల్చిన బద్దలా? బద్దలైతే మంచిది. వెదురులో గట్టి నార అంతా పై పెచ్చు దగ్గరే దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తదనం. కాబట్టి చాకుతో గీకేటప్పుడు పెచ్చును ముట్టుకోకూడదు, లోపలి వైపే పల్చన చేయాలి. కణుపు ఉన్నచోట బద్ద అంత తేలిగ్గా వంగదు. అందుకని కణుపు సరిగ్గా నడిమధ్యన పడేలా, లేదంటే మధ్య నుంచి రెండు వైపులా ఒకే దూరంలో పడేలా ముక్క కోసుకోవాలి.

ఇక పరీక్ష. అడ్డ పుల్ల రెండు కొసలకూ దారం కట్టి విల్లులా వంచి, కాగితం మీద పెట్టి ఆ వంపును పెన్సిలుతో గీయండి. ఇప్పుడు పుల్లను ఎడమ కొస కుడికి వచ్చేలా తిప్పి అదే గీత మీద పెట్టండి. గీత మీద కూర్చుంటే పుల్ల మంచిది. ఎక్కడ తక్కువ వంగిందో అక్కడ కొంచెం గీకి మళ్లీ చూడండి. ఈ పని జిగురు ముట్టుకోకముందే అయిపోవాలి. కాగితం అంటించాక పుల్లను బాగుచేయడం అనేది లేదు.

నీలిరంగు
ఆ గీత పరీక్ష ఎంత బాగుందో! నేను ఇన్నాళ్లూ చేత్తో వంచి కంటితో చూసి వదిలేసేదాన్ని. పిల్లలకు ఆటలా కూడా ఉంటుంది.

గాలివాటం
నిలువూ అడ్డం రెండూ 60 అన్నారు కదా, మీకు తెలియకుండానే ఎడ్డీ పటం కొలత ఎంచుకున్నారు. 1890ల్లో విలియం ఎడ్డీ అనే అమెరికన్ తోక అక్కర్లేని పటం చేశాడు. రెండు పుల్లలూ సమానం. అడ్డ పుల్లను పై నుంచి సుమారు ఐదో వంతు దగ్గర కట్టాలి, అంటే మీకు 11, 12 సెంటీమీటర్ల దగ్గర. అసలు కిటుకు ఏమిటంటే అడ్డ పుల్లను వెనక్కి వంచి, వీపు వైపు దారంతో బిగించాలి. దారానికీ పుల్ల మధ్యభాగానికీ ఎడం పుల్ల పొడవులో పదో వంతు ఉంటే చాలు, మీకు 6 సెంటీమీటర్లు. కాగితాన్ని మరీ బిర్రుగా లాగకుండా అడ్డ పుల్ల కింద కొంచెం వదులు ఉంచండి.

ఈ వంపు వల్ల పటం ఒక పక్కకు ఒరిగితే కిందికి దిగిన రెక్క గాలికి ఎక్కువ ఎదురవుతుంది, గాలి దాన్ని తిరిగి పైకి నెడుతుంది. తోక చేసే పనిని వంపే చేసేస్తుంది.

పెంకిపిల్ల
ఒక అనుమానం. పందెం పతంగికి తోకా ఉండదు, వీపున దారం కట్టి వంచడమూ ఉండదు. మరి అది ఎలా నిలబడుతోంది? గాలివాటం గారి లెక్క ప్రకారం అది ఎగరనే కూడదు.

గాలివాటం
అది నిలబడదు! అదే దాని గొప్ప. దాని అడ్డ పుల్ల, అంటే విల్లు పుల్ల, చాలా సన్నం. దారం లాగినప్పుడు గాలి ఒత్తిడికి ఆ పుల్ల తనంతట తానే వెనక్కి వంగుతుంది, వంపు వస్తుంది, ముక్కు ఎటు ఉంటే అటు బాణంలా పోతుంది. దారం వదులు చేయగానే పుల్ల సాగి పటం బల్లపరుపు అవుతుంది, నిలకడ పోయి గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. మనకు కావాల్సిన దిక్కుకు ముక్కు రాగానే మళ్లీ లాగాలి. ఒక్క దారంతో కుడి, ఎడమ, పైకి, కిందికి అన్నీ నడిపించేది ఈ కిటుకుతోనే. ఎడ్డీ పటంలో వంపును కట్టేసి ఉంచుతాం, పతంగిలో వంపు మన చేతిలో ఉంటుంది.

పెంకిపిల్ల
అయితే వాళ్ల పిల్లలకు తిరిగేది పతంగి, నిలబడేది ఎడ్డీ! సగం మంది ఒకటి, సగం మంది ఇంకోటి చేశారన్నమాట.

వెదురుబద్ద
నవ్వుకున్నా గానీ అందులో నిజం ఉంది. పుల్ల సన్నగా గీకినవి పతంగి గుణానికి దగ్గరగా వచ్చి ఉంటాయి. పతంగిలో నిలువు పుల్ల మందంగా, బిర్రుగా ఉండాలి. విల్లు పుల్ల మధ్యలో కాస్త మందంగా, కొసలకు పోయేకొద్దీ సన్నగా ఉండాలి. విల్లు పుల్లను నిలువు పుల్లకు కట్టేసి, అంచు వెంట సన్నటి దారం పోనిచ్చి దానిమీదుగా కాగితం మడిచి అంటిస్తే చిరగదు.

దారపుచుట్ట
అందరూ పుల్ల, తోక అంటున్నారు, సూత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే, పటానికి కట్టి, ఎగరేసే దారాన్ని తగిలించే దారాలు. అన్నీ సరిగ్గా ఉన్న పటాన్ని కూడా చెడ్డ సూత్రం ఎగరనివ్వదు.

ఎడ్డీకి రెండు కాళ్ల సూత్రం చాలు. పై కాలు పుల్లలు కలిసేచోట, కింది కాలు నిలువు పుల్ల అడుగు కొస దగ్గర. రెండూ పటం ముందువైపు నుంచే, అంటే గాలి తగిలే వైపు నుంచి రావాలి. మొదటి కొలతకు ఒక ఉపాయం చెప్తా. సూత్రాన్ని పక్కకు లాగి పటం మీద పరిస్తే ఎగరేసే దారం కట్టే ముడి అడ్డ పుల్ల కొసను తాకాలి. అక్కడి నుంచి సర్దుకోవడమే. ముడి కిందికి ఉంటే పటం గాలికి మరీ నిటారుగా ఎదురు నిలిచి బలంగా లాగుతుంది కానీ పైకి ఎక్కదు. ముడి మరీ పైకి ఉంటే గాలి పట్టక రెపరెపలాడి ముందుకు దొర్లుతుంది. గాలి ఎక్కువైన రోజు కాస్త పైకి, తక్కువైన రోజు కాస్త కిందికి జరపాలి. జరిపేది అర సెంటీమీటరే, అంతకు మించొద్దు. చిన్న రింగు పెట్టి సూత్రానికి జారుముడి వేస్తే ప్రతిసారీ విప్పి కట్టే పని తప్పుతుంది.

లెక్కలమాస్టారు
ఇది నేనూ మర్చిపోకుండా చెప్పాల్సింది. అర సెంటీమీటరు అన్నమాట కింద గీత గీసుకోండి. చాలామంది ఒకేసారి రెండు వేళ్లంత జరిపి "ఈ పటం పనికిరాదు" అని పక్కన పడేస్తారు.

నీలిరంగు
చిన్నపిల్లలుంటే స్లెడ్ పటంతో మొదలుపెట్టండి. అడ్డ పుల్లే ఉండదు. పల్చటి ప్లాస్టిక్ షీటు, రెండు నిలువు పుల్లలు, అంతే. 1950ల్లో అమెరికాలో విలియం ఆలిసన్ తెచ్చిన రకం ఇది.

ఎత్తు 45 సెంటీమీటర్లు. మధ్యభాగం వెడల్పు 25, దానికి రెండు అంచుల్లో పుల్లలు. పుల్లల బయట రెండు వైపులా ముక్కోణపు రెక్కలు, ఒక్కోటి వెడల్పైన చోట 12.5. ఆ ముక్కోణపు మొన పై నుంచి సుమారు మూడో వంతులో ఉండాలి. షీటును సగానికి మడిచి కత్తిరిస్తే రెండు రెక్కలూ సమానంగా వస్తాయి. మొనలకు టేపు వేసి రంధ్రం చేసి, ఒకే దారం రెండు మొనలకూ కట్టాలి. ఆ దారం పటం వెడల్పుకు మూడు రెట్లు, అంటే ఒకటిన్నర మీటరు ఉండాలి. ఇక్కడే అందరూ పిసినారితనం చేస్తారు. దారం పొట్టిగా ఉంటే రెక్కలు లోపలికి లాగబడి పటం మూసుకుపోతుంది. ముడి సరిగ్గా నడిమధ్యన పడాలి.

పెంకిపిల్ల
మావాడి స్లెడ్ గాలి కాస్త తగ్గగానే మూసుకుని రాలిపోతుంది. దారం పొడవుగానే ఉంది మరి.

నీలిరంగు
చెట్ల వెనకో ఇళ్ల వెనకో ఎగరేస్తున్నారేమో చూడండి. స్లెడ్‌ను తెరిచి ఉంచేది గాలి ఒక్కటే, పుల్లలు కాదు. గాలి సుడి తిరిగేచోట అది నిలవదు. మధ్యభాగం కింది సగంలో ఒకట్రెండు కిటికీల్లాంటి రంధ్రాలు కోస్తే నిలకడ పెరుగుతుంది, చిన్న తోకలు రెండు కట్టినా మేలే.

దారపుచుట్ట
అసలు పటం పట్టుకుని పరిగెత్తడం మానేయమనండి పిల్లల్ని. పరిగెడితే పటం గాలికి కాక వాళ్ల అడుగులకు ఊగుతుంది. ఒకరు పటాన్ని పట్టుకుని గాలి వీచే దిశగా 25, 30 మీటర్లు దూరం వెళ్లి నిలబడాలి, రెండోవాళ్లు దారం బిగించాలి, అప్పుడు మొదటివాళ్లు పటాన్ని వదిలెయ్యాలి. అంతే, అదే లేస్తుంది.

పెంకిపిల్ల
పరిగెత్తకుండా గాలిపటం ఏంటండీ, పిల్లలకు సగం సరదా అదే కదా!

దారపుచుట్ట
సరదాకు పరిగెత్తనివ్వండి. పటం బాగుందో లేదో చూసేటప్పుడు మాత్రం నిలబడాలి.

త్రికోణం
రెక్కలు చాచినట్టుండేవి అన్నారే, అవి డెల్టాలు. గాలి తక్కువగా ఉండే చోట వాటిని మించింది లేదు. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే చాలు, అంటే గంటకు 8, 10 కిలోమీటర్లు, డెల్టా లేస్తుంది.

మధ్యలో ఒక పుల్ల, రెండు రెక్కల అంచుల్లో చెరొకటి, ఆ రెండింటినీ ఎడంగా పట్టి ఉంచే అడ్డ పుల్ల ఒకటి. రెక్క పుల్లలు ముక్కుదాకా రాకూడదు, కొంచెం ముందే ఆగిపోవాలి. అడ్డ పుల్లనూ రెక్కలకు బిగించేయకూడదు, గొట్టం ముక్కలతో తగిలించాలి. గాలి జోరుగా వచ్చినప్పుడు రెక్కలు కాస్త పైకి లేచి ఆ జోరును వదిలేస్తాయి, మళ్లీ కిందికి వస్తాయి. బిగించేస్తే డెల్టా మొండికేస్తుంది. సూత్రం బదులు పొట్ట కింద ముక్కోణపు గుడ్డ కుడతారు, దాని మొనకే దారం. కాగితంతో చేయొద్దు, సన్నటి నైలాన్ గుడ్డ కావాలి. కుట్టు మిషను ఉంటే పని సులువు.

కాగితంరెక్క
చాలా కృతజ్ఞతలు. గీత పరీక్ష చేశాం. తిరిగేవాటి పుల్లలన్నీ ఒక వైపు కణుపు ఉన్నవే! కొత్త బద్దలు చీల్చుతున్నాం. పెద్దమ్మాయికి మాత్రం పెట్టె పటమే కావాలట. అది నిజంగా ఇంట్లో అవుతుందా?

పెట్టెపటం
నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదా, అవుతుంది. చేయనివ్వండి.

90 సెంటీమీటర్ల పుల్లలు నాలుగు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుడ్డ పట్టీలు రెండు, ఒకటి పై కొసన, ఒకటి కింది కొసన, మధ్య 30 ఖాళీ. ఒక్కో పట్టీ చుట్టుకొలత 120, అంటే చతురస్రం భుజం 30. లోపల ఇంటూ గుర్తులా రెండేసి పుల్లలు పెట్టి గుడ్డ బిర్రుగా నిలిచేలా నెట్టాలి. ఆ ఇంటూ పుల్లలు అటూ ఇటూ ఒక్క పిసరు తేడా ఉన్నా పెట్టె మెలితిరుగుతుంది, పటం పక్కకు పోతుంది. దారాన్ని ఒకే పుల్లకు, పై పట్టీ దగ్గర కడితే చాలు. తోక అక్కర్లేదు. పక్కల గుడ్డ ముఖాలే దాన్ని తిన్నగా ఉంచుతాయి.

దీన్ని 1893లో ఆస్ట్రేలియాలో లారెన్స్ హార్గ్రేవ్ తయారుచేశాడు. 1894 నవంబరు 12న స్టాన్‌వెల్ పార్క్ తీరంలో నాలుగు పెట్టె పటాలను వరుసగా కట్టి వాటికింద తానే కూర్చుని సుమారు 5 మీటర్లు పైకి లేచాడు. ఇంత చేసి పేటెంటు తీసుకోలేదు, అందరికీ ఉపయోగపడాలన్నాడు. ఆయనంటే నాకు గౌరవం అందుకే. ఆ తర్వాత వాతావరణం కొలిచేవాళ్లు ఈ పెట్టెలతోనే పరికరాలు పైకి పంపారు. 1919 ఆగస్టు 1న జర్మనీలోని లిండెన్‌బర్గ్‌లో ఎనిమిది పటాల వరుస 9,740 మీటర్ల ఎత్తుకు చేరింది.

త్రికోణం
గొప్పే, కాదనను. కానీ నా డెల్టా హాయిగా ఎగురుతున్న రోజున మీ పెట్టె నేల మీదే కూర్చుంటుంది.

పెట్టెపటం
ఒప్పుకుంటా. దానికి గంటకు 20 కిలోమీటర్ల గాలి కావాలి, దుమ్మూ కాగితాలూ ఎగిరేంత. ఆ గాలిలో మీ డెల్టా దారం తెంపుకుంటుంటే నాది కదలకుండా నిలబడుతుంది. ఎవరి రోజు వాళ్లది.

లెక్కలమాస్టారు
పెట్టె చేసినవాళ్లు చతుర్ముఖి పటం, అంటే నాలుగు ముక్కోణపు ముఖాలుండే గదుల పటం కూడా చేయాలి. పటాన్ని రెట్టింపు పెద్దది చేస్తే గుడ్డ నాలుగు రెట్లవుతుంది, పుల్లల బరువు మాత్రం అన్ని వైపులా పెరిగి ఎనిమిది రెట్లవుతుంది. అంటే పెద్దదయ్యేకొద్దీ ఎగరడం కష్టం. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ దీనికి దారి వెతికాడు. ఒకటే పెద్దది చేయకుండా చిన్న చిన్న చతుర్ముఖి గదులను పక్కపక్కన, మీదమీద కలిపాడు. గదులు పెరిగితే బరువూ గుడ్డా ఒకే లెక్కన పెరుగుతాయి. 1907 డిసెంబరులో కెనడాలోని నోవా స్కోషియాలో ఆయన 3,393 గదుల పటం ఒక మనిషిని మోసుకుని 51 మీటర్ల ఎత్తుకు వెళ్లి ఏడు నిమిషాలు ఉంది.

పిల్లలకు నాలుగు గదులు చాలు. కూల్‌డ్రింక్ స్ట్రాలు 24, దారం, పల్చటి కాగితం. ఒక్కో గదికి ఆరు స్ట్రాలు. దారాన్ని స్ట్రాల్లోంచి పోనిచ్చి బిగించాలి. ఒక్కో గదిలో పక్కపక్కనున్న రెండు ముఖాలకే కాగితం, మిగతా రెండూ ఖాళీ. నాలుగు గదుల కాగితాలూ ఒకే వైపు చూడాలి. మూడు కింద, ఒకటి పైన. జ్యామితి పాఠం ఎగురుతుంటే చూడడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరింపే.

పెంకిపిల్ల
పుల్లలు లేనిదాని గురించి ఎవరూ చెప్పలేదు.

త్రికోణం
అది పారాఫాయిల్. 1964లో డొమినా జాల్బర్ట్ కనిపెట్టాడు. రెండు పొరల గుడ్డ మధ్య అడ్డుగోడలు కుట్టి వరుసగా గదులు చేస్తారు, ముందు వైపు నోళ్లు తెరిచి ఉంటాయి. గాలి లోపలికి దూరి గదులను ఉబ్బించి రెక్క ఆకారం ఇస్తుంది. ఇప్పటి చతురస్రపు పారాచూట్లన్నీ దాని సంతానమే. మడిచి జేబులో పెట్టుకోవచ్చు. కానీ కుట్టుపని చాలా ఎక్కువ, అడ్డుగోడలన్నీ ఒకే ఆకారంలో రావాలి. మొదటి పటంగా వద్దు.

నీలిరంగు
ఒక్క మాట, దీన్ని అందరూ చదవాలి. కరెంటు తీగలున్న చోట ఏ పటమూ వద్దు. తీగకు చిక్కుకున్న పటాన్ని కర్రతో తీయడానికి ఎవరూ వెళ్లొద్దు. మెరిసే లోహపు పూత కాగితాలు, లోహపు తీగలు వాడొద్దు, అవి కరెంటును తెస్తాయి. తడిసిన దారం కూడా అంతే. ఉరుములున్న రోజు ఇంట్లో కూర్చుని కొత్త పటం అంటించుకోండి. గాజుపొడి పూసిన దారం పక్షుల రెక్కలు కోస్తుంది, మనుషుల మెడలు కోస్తుంది. నూలు దారంతో ఎగరేస్తే ఆనందం ఏమీ తగ్గదు.

గాలివాటం
నూటికి నూరుపాళ్లు. నిలబడే పటాలకు ఆ దారంతో పనే లేదు.

కాగితంరెక్క
మా దగ్గర అంతా నూలు దారమేనండీ, అలాగే ఉంటుంది. చివరగా ఒకటి. పెద్దది, నిలకడగా ఉండేది, ఫోన్ లాంటి చిన్న కెమెరాను మోయగలిగేది ఏదైనా ఉందా? మా తమ్ముడు అడుగుతున్నాడు.

వెదురుబద్ద
రొక్కాకు చేయమనండి. జపాన్ వాళ్ల ఆరు మూలల పటం. నిలువు పుల్ల ఒకటి, అడ్డ పుల్లలు రెండు. వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు ఐదు పాళ్లు. రెండు అడ్డ పుల్లలనూ వీపు వైపు దారాలతో ఒకే వంపు వచ్చేలా బిగించాలి. తోక అక్కర్లేదు. పటం మీంచి ఫోటోలు తీయడం కొత్తేమీ కాదు, ఫ్రాన్సులో ఆర్థర్ బట్యూ 1888లోనే తీశాడు. కెమెరాను పటానికి కట్టొద్దు, దారానికి కట్టాలి, పటం నుంచి కొన్ని మీటర్లు కిందికి. అలా అయితే పటం కుదుపులు దానికి తక్కువగా తగులుతాయి.

కాగితంరెక్క
దీనికి సూత్రం కూడా రెండు కాళ్లేనా?

దారపుచుట్ట
కాదు, నాలుగు. ఒక్కో అడ్డ పుల్ల మీద రెండేసి, నిలువు పుల్ల నుంచి అటూ ఇటూ సమాన దూరంలో. ముందు పై రెండు కాళ్లను ఒక ముడిగా, కింది రెండింటిని ఒక ముడిగా కలపాలి. ఆ రెండు ముడులనూ ఇంకో దారంతో కలిపి దాని మీద రింగు. పై జంటలో కాళ్లు రెండూ ఒకే పొడవు, కింది జంటలోనూ అంతే. కొలిచి చూస్తే చాలదు, పటాన్ని రింగు పట్టుకుని వేలాడదీసి చూడండి. నిలువు పుల్ల పక్కకు తిరగకపోతే కట్టడం సరిగ్గా కుదిరినట్టే.

వెదురుబద్ద
అడ్డ పుల్లలను నిలువు పుల్లకు జిగురుతో అంటించొద్దని మీ తమ్ముడికి చెప్పండి. గుడ్డకు చిన్న జేబులు కుట్టి కొసలు అందులో దూర్చితే చాలు, ఎగరేసిన తర్వాత పుల్లలు తీసి గుడ్డను చుట్టేసుకోవచ్చు. వీపు దారాలను రాత్రంతా బిగించి ఉంచితే పుల్ల ఆ వంపులోనే ఉండిపోతుంది. ఇంటికి రాగానే వదులు చేయాలి.